జెముడుగుట్టలో పిళ్ళప్ప చంపిన చిరుత

పిళ్ళప్ప చిరుతను చంపాడంటే గూళూరు చుట్టుపక్కల నమ్మని పల్లె లేదు. నమ్మక చేసేదేముంది? చూసొద్దామంటే దారి లేదు. ఆ చిరుత చచ్చింది ఊరవతల గుట్ట మీద, నాగజెముడు నడిమధ్యన. ఆ జెముడు గుట్ట మొదలు నుంచి తల దాకా ఎట్లా అల్లుకుందంటే, మేకపిల్ల లోపలికి దూరితే దాని మెడలోని గంట చప్పుడు మాత్రమే బయటికి వచ్చేది. వేసవిలో పసుప్పచ్చని పూలు పూసి, గుట్టంతా ఎవరో పసుపు దంచి ఆరబోసినట్టుండేది. ఆ పూల వెనకే ఎర్రని పళ్ళు. పిల్లలు అంచున ఉన్న పళ్ళను కొంకికట్టెతో లాక్కుని, నూగుముళ్ళు పోయేలా మట్టిలో దొర్లించి, తిని, మూతులు ఎర్రగా చేసుకుని ఇళ్ళకు చేరేవాళ్ళు. సీతారాములు అడవిలో తిన్నది ఈ పళ్ళేనని వాళ్ళకు చెప్పినవాడు పిళ్ళప్పే.

అంచు దాటి నడిమికి పోయి వచ్చిన మనిషి ఊళ్ళో ఒక్కడే. అతడు పిళ్ళప్ప. పోయి వచ్చాడని చెప్పిన సాక్షి కూడా పిళ్ళప్పే కాబట్టి మాటలో తేడా వచ్చే భయం లేదు.

చావడిలో నలుగురు చేరితే చాలు, ఎవరో ఒకరు కదిలించేవాళ్ళు. పిళ్ళప్ప తలగుడ్డ సర్దుకునేవాడు.

"దూడ తప్పిపోయిండె. నక్క దూరే సందులో బోర్లా పండుకొని పాకినా. లోపలికి పోయి తలెత్తితే ఏముండాది? దూడ లేదు. దూడను తిని మూతి నాక్కుంటా చిరత కూకోనుండాది. అది నన్ను చూసె, నేను దాన్ని చూస్తిని. ఎగిరి మీద పడె. ఏం చేస్తును? ఎడమచెయ్యి దాని నోట్లోకి తోసి నాలిక పట్టుకుంటిని. కుడిచేత్తో కొడవలి ఎత్తి డొక్కలో ఒగటే పోటు!"

ఈ కథలో మాట మారేది కాదు. ఎడమచెయ్యి ఎప్పుడూ నోట్లోనే, కుడిచెయ్యి ఎప్పుడూ డొక్కలోనే. మారేది చిరుత ఒక్కటే. పిళ్ళప్పకు ఒళ్ళు తగ్గేకొద్దీ దానికి ఒళ్ళు వచ్చింది. మొదట్లో దూడంత ఉన్నది, అతడికి మీసం నెరిసేసరికి కోడెంతయింది. పళ్ళు ఊడే నాటికి దాని తోక ఒక్కటే మోట తాడంత పొడుగని చెప్పేవాడు.

ఆ చిరుత వల్లనే అతడికి పెళ్ళయింది. మిట్టేమరిలో పదిమందికి పెట్టే ఇల్లు రామలక్ష్మమ్మ వాళ్ళది. ఆమె తండ్రి ముందుకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒక పిల్లవాడికి బావి కింద మాగాణి ఉంది. ఇంకొకడికి చిరుత ఉంది. మాగాణి ఎవడికైనా ఉంటుందిలే అని ఆ పెద్దాయన కూతుర్ని చిరుతకిచ్చాడు. ఆనాటి నుంచి రామలక్ష్మమ్మ 'పులి పిళ్ళప్ప పెండ్లాం'. పేరంటాల్లో మొదటి చాప ఆమెది, మొదటి తాంబూలం ఆమెది. బావి దగ్గర ఎవరితోనైనా మాటామాటా పెరిగితే, బిందె దించి ఒకటే అనేది: "పులి నోట్లో చెయ్యి పెట్టినోనికి ముద్ద పెట్టేదాన్ని నేను. నీ నోటికి బెదర్తానా?" అవతలామె నోరు అక్కడితో మూతపడేది.

నమ్మనివాడంటూ ఒకడుంటే, అది రామలక్ష్మమ్మ తమ్ముడు ఆంజనప్ప. మిట్టేమరి నుంచి వచ్చినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టేవాడు.

"బావా, ఆ పులి ఎముకలు ఒగసారి చూడల్ల."

"చూడప్పా. నేనొద్దంటినా? గుట్ట ఆడనే ఉండాది. దూరు."

ఆంజనప్ప గుట్ట కేసి చూసేవాడు. వేలెడేసి ముళ్ళు తెల్లగా మెరుస్తూ ఉండేవి. "ఈ తూరి పంచె కొత్తది బావా," అని ఊరుకునేవాడు.

అట్లా ఏండ్లకేండ్లు గడిచాయి. పిళ్ళప్ప కన్నుమూసేదాకా కూడా గడిచిపోయేవే. మైసూరు సర్కారు ఊరుకోలేదు.

ఒకనాడు పొద్దున్నే పిళ్ళప్ప గుట్ట మొదట్లోకి పోయాడు. జెముడు ఆకుల మీద తెల్లగా ఏదో కనిపించింది. దూది పింజల మాదిరి, పొక్కుల మాదిరి. రాత్రికి రాత్రి ఎవరు అంటించిపోయారబ్బా అని వేలితో ఒక పొక్కు చిదిమాడు.

వేలు ఎర్రనైంది.

ఇంకొకటి చిదిమాడు. అరచెయ్యంతా ఎరుపు. పంచెకు తుడుచుకున్నాడు, పంచె ఎరుపు. తన చేతికేమైనా తెగిందా అని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చెయ్యి బాగానే ఉంది. నెత్తురు చెట్టుది. చిరుత నాలుక పట్టుకున్న ఆ మనిషి, చెప్పులు అక్కడే వదిలేసి చావడి దాకా ఊపిరి తీసుకోకుండా పరుగెత్తాడు.

"గుట్టకు నెత్తురు కారతాండాదప్పో!"

చావడిలో రాగిముద్దంత నవ్వు లేచింది. "కారనీ మామా," అన్నాడు సీనప్ప. "పోయిన వారం నువ్వు చెరువులో చేపలు చింతచెట్టెక్కినాయంటివి. అవి దిగినాయా?"

పుట్టి బుద్ధెరిగాక పిళ్ళప్ప మొదటిసారి నిజం చెప్పాడు. దాన్ని ఒక్కరూ నమ్మలేదు. అబద్ధం చెప్పేటప్పుడు లోకం ఎంత మర్యాదగా వినేదో అతడికి అప్పుడు తెలిసింది. చివరికి అరచెయ్యి చాచి చూపించాడు. నవ్వు ఆగింది. అందరూ గుట్టకు పోయి, తలా ఒక పొక్కు చిదిమి, తలా ఒక ఎర్రచేత్తో తిరిగి వచ్చారు.

ఊళ్ళో అందరికంటే పెద్దది అక్కయమ్మ. ఆమె కర్ర పొడుచుకుంటూ పోయి చూసి తేల్చేసింది. "తెల్ల పొక్కులు. చిదిమితే నెత్తురు. ఇంకేముండాది? చెట్టుకు అమ్మవారు పోసింది."

అమ్మవారు మనిషికి పోస్తే ఏం చేయాలో ఊరికి తెలుసు. చెట్టుకు పోసినా అదే చేశారు. గుట్ట చుట్టూ వేపమండలు కట్టారు. కుండలతో చల్లని అంబలి తెచ్చి జెముడు మొదళ్ళలో పోశారు. అమ్మవారు ఉన్నన్నాళ్ళు తాళింపు వాసన తగలరాదు కాబట్టి ఊళ్ళో ఏ పొయ్యి మీదా ఆవాలు చిటపటలాడలేదు. రామలక్ష్మమ్మ అందరికంటే నిష్ఠగా ఉంది. ఉప్పూ కారమూ తగ్గించిన చప్పిడి ఉలవచారు ముద్ద పక్కన పోస్తుంటే పిళ్ళప్పకు ఏడుపొచ్చేది. చెట్టుకు జబ్బు, పథ్యం తనకు.

తాళింపు లేక ఊరు సగమైన రోజుల్లో, వ్యవసాయ ఇలాఖా మనిషి ఒకాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. కన్నడంలో మాట్లాడేవాడు, మధ్యమధ్యన తెలుగు కలిపేవాడు. వేపమండల తోరణాలు చూసి, అంబలి కుండలు చూసి, సైకిలు దిగి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అమ్మ అల్లప్పా, అమ్మవారు కాదు! ఇదు హుళ. పురుగు! నేనే పోయిన యేడు గూళూరు దగ్గర వదిలిపెడితిని. గాలికి ఈడికి వచ్చింది."

"పురుగా?" అంది అక్కయమ్మ. "అయితే నెత్తురు?"

"నెత్తురు కాదవ్వా, పురుగులోని రంగు. ఈ పురుగుకు ఈ పాపాసుకళ్ళి, అదే మీ జెముడు, ఒకటే తిండి. ఇంకే పైరూ ముట్టదు. సముద్రం అవతల దేశంలో పుట్టింది. కళ్ళి కూడా ఆ దేశానిదే. తెల్లోళ్ళు ఎప్పుడో ఓడలో తెచ్చినారు. అంతకు ముందర మీ గుట్ట మీద ఇది లేనే లేదు."

ఊరు నోరు తెరిచింది. పురుగు పరదేశిదంటే ఒప్పుకోవచ్చు. ఇంత ముల్లు, ఇంత పువ్వు, ఇంత పండు, తాతల నాటి గుట్ట గుట్టంతా పరదేశిదా? పిల్లలంతా ఒక్కసారిగా పిళ్ళప్ప వైపు తిరిగారు. సీతారాములు తిన్న పండు ఓడలో ఎట్లా వచ్చిందని వాళ్ళ కళ్ళు అడుగుతున్నాయి.

పిళ్ళప్పకు సీతారాముల బెంగ లేదు. అతడి చెవిలో వేరే మాట మిగిలింది. "అట్లయితే సామీ, ఈ పురుగు ఏం చేస్తాది?"

"తింటాది. వచ్చే ఎండలకు గుట్ట బోడి."

"బోడి అంటే? అంచులు పోతాయా?"

"అంచులేమప్పా, నడిమి దాకా చెప్పులేసుకొని నడిచి పోవచ్చు!"

ఆయన శుభవార్త చెప్పినంత సంబరంగా సైకిలెక్కి పోయాడు. పిళ్ళప్ప ఉన్నచోటనే కూలబడ్డాడు.

ఆ సాయంత్రం ఊరంతా తాళింపు ఘుమఘుమ. పిళ్ళప్పకు ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి అతడు గుట్టకు వైద్యం మొదలుపెట్టాడు. తడిగుడ్డ కట్టెకు చుట్టి ఆకాకూ తుడిచాడు. బూడిద చల్లాడు. పొగాకు నానబెట్టిన నీళ్ళు కొట్టాడు. గాలి ఎటు వీస్తే అటు పిడకల పొగ పెట్టాడు. ఒక ఆకు తుడిచేలోగా వెనకాకు మీద పొక్కులు లేచేవి. ఇంటికొచ్చేసరికి రెండు చేతులూ మోచేతుల దాకా ఎరుపు.

"నా బిడ్డలకు జరమొస్తే గూడా ఇట్ల తిరగలేదే," అంది రామలక్ష్మమ్మ అతడి చేతుల మీద నీళ్ళు పోస్తూ. "ముల్లు మీద ఇంత ప్రేమ ఏంటికి పుట్టె?"

"పూలు బాగుంటాయి గదా," అన్నాడు పిళ్ళప్ప.

ఆమె చెంబు పట్టుకుని అతడి మొహం వైపు కాసేపు చూసి, లోపలికి పోయింది.

చలికాలం పోయేసరికి గుట్ట కుళ్ళింది. ఆకులు నల్లబడి, వాలి, ఒకదాని మీద ఒకటి కూలాయి. ఆ కంపు ఊళ్ళోకి కొట్టింది. ఎండలు ముదిరేసరికి కంపూ పోయింది. మిగిలింది పాత జల్లెడల్లాంటి ఎండు డొక్కలు. అడుగేస్తే పటపట విరిగేవి. ఆ ఏడు పసుపు పూయలేదు.

ఈ కబురు మిట్టేమరికి ఎవరు మోశారో గాని, ఆంజనప్ప బండి కట్టుకుని వచ్చేశాడు. ఇంటికి కూడా పోలేదు. నేరుగా చావడిలో దిగాడు. ఈసారి పాత పంచె కట్టుకొచ్చాడు.

"బావా, దారి పడె. ఎముకలు చూద్దాం పద."

"ఎండ కదప్పా..."

"ఎండ నాకు గూడా ఉండాది బావా. అందరూ వినండప్పా. ఎముకలుంటే ఈ ఊరి చావడిలో బావ కాళ్ళకు మొక్కుతా. లేకుంటే మా అక్కను బండెక్కిచ్చుకొని పోతా. మా నాయన పులి ఉండాదని పిల్లనిచ్చినాడు. పులి లేకుంటే పిల్ల మాది!"

సీనప్ప ఉషారుగా ఈల వేశాడు. పిళ్ళప్ప నవ్వుదామనుకున్నాడు. అంతలో రామలక్ష్మమ్మ గొంతు వెనక నుంచి వినిపించింది. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నువ్వేంది నన్ను ఎక్కిచ్చేది? పులి లేకుంటే నేనే ఎక్కుతా. రేపు పొద్దున్నే గుట్టకు పోదాం. పులి సచ్చిన తావులో టెంకాయ గూడా కొట్టల్ల."

నలుగురిలో అన్న మాట. ఆమె నలుగురిలో ఒక మాట అంటే వెనక్కి తీసుకోవడం ఎవరూ ఎరగరు.

సందె వేళ ఊరి చివర చచ్చిన గొడ్లను పారేసే దిబ్బ దగ్గర అతడు కాసేపు తచ్చాడాడు. అక్కడ మంచి పుర్రె ఒకటి దొరికింది. తలగుడ్డలో చుట్టి పది అడుగులు వేశాక అనుమానమొచ్చి విప్పి చూశాడు. దానికి రెండు కొమ్ములున్నాయి. చిరుతకు తోక పెంచగలడు, ఒళ్ళు పెంచగలడు. కొమ్ములు మాత్రం అతడి వల్ల కాలేదు. పుర్రెను అక్కడే పెట్టి ఇంటికొచ్చాడు.

పొద్దున్నే ఊరు కదిలింది. ముందు ఆంజనప్ప, గడ్డపారతో ఎండు డొక్కలు పక్కకు తోస్తూ. వెనక సీనప్ప, కృష్ణప్ప, మగవాళ్ళు. ఆ వెనక టెంకాయ, కుంకుమ భరిణ పట్టుకున్న రామలక్ష్మమ్మతో ఆడవాళ్ళు. అందరికీ చివర పిళ్ళప్ప. పెళ్ళినాడు ఊరేగింపులో ముందర నడిచినవాడు ఈనాడు తోకన నడుస్తున్నాడు. మిట్టేమరి బండి ఎద్దుల గంటలు కింద మోగుతుంటే, ఆ ఎద్దులు తన ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నట్టే అనిపించింది. రేపు పొయ్యి ఎవరు రాజేస్తారు? అంతకంటే ముఖ్యంగా, తాను చెప్పింది ఎవరు వింటారు?

"బావా, ఈడనా?" ఆంజనప్ప అరిచాడు.

"ఇంకొంచెం పైకి," అన్నాడు పిళ్ళప్ప. ఎంత పైకి పోతే అంత ఆలస్యమని.

"ఈడనా?"

"ఇంకొంచెం."

గుట్ట నడిమికి చేరారు. ఆంజనప్ప గడ్డపార ఎండుకంపలోకి దిగి ఠంగుమంది. అతడు ఆగాడు. కంపను రెండు చేతులా లాగి పడేశాడు. గడ్డపార వదిలేసి అక్కడే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు ఒకరినొకరు తోసుకుని ముందుకొచ్చి, వాళ్ళూ అట్లాగే నిలబడిపోయారు.

పిళ్ళప్ప అందరి భుజాల మీదుగా చూశాడు.

నడుమెత్తు రాయి ఒకటి, కొంచెం పక్కకు వాలి నిలబడి ఉంది. రాయి మీద మనిషి. మీసం, తలగుడ్డ, బిగించి కట్టిన పంచె. ఆ మనిషి మీదికి చిరుత లేచి ఉంది. మనిషి ఎడమచెయ్యి చిరుత నోట్లో. కుడిచేతి కత్తి దాని డొక్కలో.

పిళ్ళప్ప ఎడమచెయ్యి అతడికి తెలియకుండానే వెనక్కి పోయింది.

"అబ్బబ్బబ్బ," అన్నాడు సీనప్ప. "మామా, ఇది నువ్వే!"

కృష్ణప్ప నాలుగూళ్ళు తిరిగిన పెద్దమనిషి. వంగి రాయి మీద దుమ్ము ఊదాడు. పైన ఇంకో వరస బొమ్మలున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఆ మనిషిని చెరొక రెక్కా పట్టుకుని పైకి తీసుకుపోతున్నారు.

"ఇది వీరగల్లప్పా," అన్నాడు మెల్లగా. "సాదలి దారిలో ఇట్లాంటివి చూసినా. జెముడు రాకముందరి రాయి ఇది. పులితో కొట్లాడినోనికి పెడతారు." కొంచెం ఆగి, పిళ్ళప్పను చూసి, "కొట్లాడి సచ్చినోనికి," అన్నాడు.

"సచ్చినోనికా?" అన్నారు వెనకవాళ్ళు.

ఊరు ఊరంతా పిళ్ళప్ప దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. సీనప్ప వంగి పిళ్ళప్ప పాదాలు ముందుకున్నాయా వెనక్కున్నాయా అని చూశాడు. ఆంజనప్ప అక్క వైపు తిరిగాడు.

"అక్కా... ఇన్నేండ్లు నువ్వు ఎవరితో కాపురం చేసినావే?"

పిళ్ళప్ప ఇదంతా వింటూనే ఉన్నాడు. మనసు మాత్రం వేరే చోటికి జారిపోయింది. పాకలో చీకటి. అవ్వ ఒడి. అవ్వ అతడి ఎడమచెయ్యి పట్టుకుని తన బోసినోట్లో పెట్టుకుని, కుడిచేతి వేలితో డొక్కలో గిలిగింత పెడుతోంది. "ఎడమచెయ్యి నోట్లో! కుడిచెయ్యి డొక్కలో!" ఆనాటి చిన్న పిళ్ళప్ప కిలకిలా నవ్వుతున్నాడు. ఎవరో ఒక అప్ప, ఎప్పుడో, గుట్ట మీద అట్లా చేశాడని అవ్వ చెప్పేది.

అయితే ఇది తాను అల్లింది కాదు. చంపని చిరుతను చంపానన్నందుకు ఏనాడూ సిగ్గుపడలేదు. ఇన్నేండ్లు సొంతమనుకున్న అబద్ధం వేరేవాళ్ళ నిజమని తెలిసేసరికి తల ఎత్తలేకపోయాడు. ఏదో ఒకటి చెప్పాలి. నోరు తెరిచాడు. ఎప్పుడు పిలిచినా పరుగెత్తుకొచ్చే మాటలు ఆనాడు ఒక్కటీ రాలేదు.

రామలక్ష్మమ్మ ముందుకు నడిచింది. కొంగుతో రాయి తుడిచింది. మనిషి నుదుట కుంకుమ పెట్టింది. చిరుతకు కూడా ఒక బొట్టు పెట్టింది. టెంకాయ కొట్టి, చిప్పలు రాయి ముందు పెట్టి, లేచి ఊరి వైపు తిరిగింది.

"ఏమప్పా, అందరూ నోళ్ళు తెరుచుకోని నిలబడినారు? మా ఇంటాయన పెండ్లి చూపుల నాడు మా నాయనకు ఏం చెప్పె? ఎడమచెయ్యి నోట్లో, కుడిచెయ్యి డొక్కలో. ఆంజనప్పా, చెప్పెనా లేదా?"

"చెప్పె."

"ఈ రాయి మీద ఏముండాది?"

"అదే ఉండాది."

"ఈ రాయి అప్పుడు యాడుండె? జెముడు లోపల. లోపలికి పోకుండా దీన్ని చూసినోడు ఎవరైనా ఉండారా? మీ తాత చూసినాడా? సీనప్ప నాయన చూసినాడా?"

సీనప్ప తల గోక్కున్నాడు.

"ఆయన పాకి పోయె. ఈ అప్పను చూసె. అంతలో చిరత మీద పడె. ఈ అప్ప ఎట్ల చేసినాడో అట్లనే చేసె. రాయిలో చూసి నేర్చుకొన్నాడు కాబట్టే ఆయన బతికె. ఈ అప్పకు చూసి నేర్చుకునేదానికి ఏ రాయీ లేకపోయె, పాపం, సచ్చిపోయె."

కృష్ణప్ప గడ్డం నిమురుకుని తల ఊపాడు. ఆ తల ఊపు ఒకరి నుంచి ఒకరికి ఊరంతా పాకింది. నిజమే కదా. పోకుండా ఎట్లా తెలుస్తుంది? పిళ్ళప్ప కూడా తల ఊపబోయాడు. ఒక్క క్షణం తాను నిజంగానే పోయి వచ్చాడేమోననిపించింది.

"మరి ఎముకలేవి?" అన్నాడు ఆంజనప్ప.

"నక్కలకు నువ్వు చెప్పి పెట్టింటివా, మా బావ సంపిన పులి, దాచిపెట్టండని?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆంజనప్ప చావడి దాకా ఆగలేదు. అక్కడనే, ఎండుముళ్ళ మీద, పాత పంచెతో బావ కాళ్ళకు మొక్కాడు. మోకాలికి రెండు ముళ్ళు దిగితే అక్కే పీకింది.

అందరూ దిగిపోయాక మొగుడూ పెళ్ళాం వెనకబడ్డారు. కాళ్ళ కింద ఎండు డొక్కలు పటపటలాడాయి. పిళ్ళప్పే ఆగలేకపోయాడు.

"ఏమే... నువ్వు అదంతా నమ్మే చెప్పినావా?"

"ఏది?"

"నేను లోపలికి పోయింది."

రామలక్ష్మమ్మ నిలబడింది. "పెండ్లయినాక నువ్వు నీళ్ళు పోసుకొంటాంటే మొదటి తూరి ఈపు రుద్దినా గదా. ఆ పొద్దే చూస్తిని. పులి గోరు లేకపోతే పోనీ. జెముడులో పాకినోని ఈపున ఒగ ముల్లు గీతైనా ఉండొద్దా? నున్నగా, నేతికుండ మాదిరి ఉండె."

పిళ్ళప్ప ఎండుకంపను పట్టుకోబోయి, ముల్లు గుచ్చుకుని చెయ్యి విదిలించాడు.

"అయితే నిన్న చావడిలో బండెక్కుతానంటివే?"

"అనకుంటే మా తమ్ముడు ఊరుకొంటాడా? రాత్రంతా నాకు నిద్ర లేదు. నువ్వు పుర్రె తెస్తావని చూస్తిని. వొట్టి చేతులతో వస్తివి. ఇన్ని చెప్పినోనివి, ఒగ పుర్రె తేలేకపోతివా?"

"కొమ్ములుండె."

"విరగ్గొట్టల్ల!"

పిళ్ళప్ప పెళ్ళాన్ని కొత్తగా చూశాడు. ఊళ్ళో తనంత మాటకారి లేడని ఇంతకాలం అనుకున్నాడు. తన పక్కన కూర్చుని ముద్ద కలిపే మనిషికి తాను సాటి రాడు.

"మరి ఏంటికి ఇన్నేండ్లు ఊరకుంటివి?"

"పులి పిళ్ళప్ప పెండ్లాం అంటే నాకు బాగుండె," అందామె, నడుస్తూ. "ఈ పొద్దు నుంచి ఒగ పని చేయల్ల నువ్వు. సోమవారం సోమవారం గుట్టెక్కి, ఆ అప్ప చుట్టూ ముల్లు కొట్టి, రాయి సరిగ్గా నిలబెట్టి, దీపం పెట్టు. సచ్చిపోయినోని పులిని పెట్టుకొని పెండ్లి చేసుకొన్నావు గదా. ఆ మాత్రం చెయ్యి."

"చేస్తా."

"ఇంకోటి. ఆ తోక తగ్గించు. రాయిలో చూసినావు గదా, ఆ పులి కుక్కంత ఉండాది."

ఆ సాయంత్రమే చావడిలో ఎవరో కదిలించారు. పిళ్ళప్ప తలగుడ్డ సర్దుకున్నాడు. మొదటిసారి చిరుతను దాని కొలతకు దించి, "కుక్కంతే ఉండె," అన్నాడు.

ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదు.